మారెక్క ఓటుకు రాయించిన పేరు

మారెక్క ఉండె చూడు, తిప్పన్న పెద్ద పెండ్లాం, ఆమెకు కడుపుమంట ఎట్లా పుట్టిందో చెప్తా వినండి. చెనక్కాయలు ఒలిచేది మాత్రం ఆపొద్దండి, మీ చేతులాడితేనే నాకు నోరాడేది. పెద్దామెకు పిల్లలు కాలేదని తిప్పన్న చిన్నామెను, సుంకమ్మను, చేసుకున్నాడంట. ముగ్గురూ పదేండ్లు బెంగుళూరు పక్క కట్టడం పనులకు పోయి తిరిగొచ్చినారు అనుకో. వచ్చేతలికి ఓటర్ల లిస్టులో పేర్లు ల్యావు. తిప్పన్న ముందే పోయి తన పేరు రాయించుకున్నాడు. ఏమైందంటే, ఒకనాడు తిప్పన్న సేనికి పోయినప్పుడు ఓట్లు రాసుకునేదానికి పక్కూరి ఇస్కూలు అయివారు వచ్చె. నీ పేరేందమ్మా, మొగుని పేరేందమ్మా అంటే సుంకమ్మ టపీమని తిప్పన్న అని చెప్పేసె. మారెక్కేమో నోటికి కొంగు అడ్డం పెట్టుకునె. మొగుని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదని మాయమ్మ చెప్పింది, ఇరవై అయిదేండ్లలో ఒక్కతూరి గూడా పలికిందాన్ని కాదు అంటాది. పక్కనున్న సుంకమ్మ చెప్పొచ్చు కదా, ఇద్దరికీ ఆయప్పే కదా మొగుడు. చెప్పల్యా. గడపకానుకోని నవ్వుతా నిలబడె. చెప్పకుంటే నేనేం రాసేదమ్మా, ఆదివారం మీ ఊరి ఇస్కూలు కాడ ఉంటా, రా అని అయివారు పక్కింటికి పాయె.

సుంకమ్మకు రసీదు చీటీ ఇచ్చిపోయినాడంట. దాన్ని తెచ్చి దేవుని పటం పక్కన గుచ్చె. దీపం పెట్టేది మారెక్క, పెట్టినప్పుడల్లా ఆ చీటీ కండ్లబడె. ఇంట్లో రెండోట్లు ఉండాయి కదక్కా, నీకెందుకు ఇంకోటి అనె సుంకమ్మ. ఆ మాటకు మారెక్క, ఈ గోడలు అలికింది నేను, మొగుణ్ణి పంచిచ్చింది నేను, లిస్టులో పెండ్లాం మాత్రం అదంట, మరి నేనెవర్ని అని మూడు దినాలు అన్నం తిన్ల్యా. పోనీలేవే, ఓటే కదా అని తిప్పన్న అంటే, నీకుండాది కాబట్టి పోనీలే అంటావు అనె.

ఆదివారం ఇస్కూలుకు పాయె. పద్దెనిమిది దాటినాయా అమ్మా అని అయివారు అడిగితే, దాటి ఇంకో ముప్పై అయినాయి సామీ, గొంతు కోసినా ఆయప్ప పేరు మాత్రం చెప్పను అనె. రేపు ఆయప్పకు ఏమన్నా అయితే నేనే సంపినానని అంటాది ఆ సవితి అనె. ఆయప్ప పేరే ఉండాలని ఎవరన్నారు, నాయన పేరైనా అమ్మ పేరైనా రాయొచ్చు అన్నాడంట అయివారు. అమ్మ పేరు కూడా రాస్తారా? రాస్తారు.  అట్లయితే ఓబుళక్క అని రాయి సామీ, మాయమ్మ పోయి ఇరవై ఏండ్లాయె, ఆ పేరు పలికేటోళ్ళే ల్యారు అని మారెక్క ఫారం మీద ఏలిముద్ర ఏసె.

ఓట్లనాడు ఇద్దరూ ముందూ వెనకా నిలబడిరి. లోపల కూర్చున్న పార్టీల ఏజెంట్లు వినాల కదా, ఆఫీసరు లిస్టు చూసి గట్టిగా చదివె. సుంకమ్మ, మొగుడు తిప్పన్న అంటే ఎవరూ తలెత్తల్యా. మారెక్క, తల్లి ఓబుళక్క అనేతలికి ఒక ముసలి ఏజెంటు, మారెక్క పుట్టినూరి నుంచే ఇల్లరికమొచ్చినాడు, లేసి నిలబడె. ఓబుళక్క కూతురా నువ్వు, మీయమ్మ కలుపు పాట పాడితే నాలుగు సేన్లోళ్ళు పని ఆపి వినేటోళ్ళు తల్లీ అనె. మారెక్క ఏలికి సిరా పూయించుకోని, కాగితం మీద ముద్రేసి, డబ్బాలో ఏసి, తలెత్తుకోని బయటికొచ్చె. అది చూసి సుంకమ్మ మొఖం మాడిపాయె. దానికే ఉండాదా అమ్మ, నన్ను గూడా ఒకామె కనింది కదా అని రాత్రంతా నిద్ర పోల్యా. తెల్లారి అయివారి ఇంటికి పోయి, నా దాంట్లో మొగుని పేరు తీసేసి మాయమ్మ పేరు రాయి సామీ అనె. దానికింకో ఫారం ఉందమ్మా అని నవ్వి ఇచ్చినాడంట.

ఇద్దరు పెండ్లాలుండి లిస్టులో ఒక్కదానికీ మొగుణ్ణి కాకపోతినే అని తిప్పన్న తల పట్టుకునె. నన్నడిగితే మంచిదే అయింది అంటా. పెండ్లాం పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదని మారెక్క అనె కదా, ఆ పొద్దు నుంచి కాయితంలో గూడా పెండ్లాల పక్కన ఆయప్ప పేరు పలికేటోళ్ళు లేకపాయె. పెండ్లాలిద్దరూ పోయినారు. తిప్పన్న తొంభై దాటి ఇంకా ఉండాడు, మొన్న గూడా పోయి ఓటేసొచ్చినాడు.