నలభై ఇండ్లూ ఒక పడుగూ

ఆ పొద్దున పొదటూరుపేట మీద ఆకాశం నిలకడగా లేదు. ఎండ వచ్చినట్టే వచ్చి పోతోంది, నగరి కొండల వైపు మబ్బు దిగుతోంది. నేతగాళ్ళ వీధిలో, తన ఇంటి తిన్నె మీద వీధిపెద్ద ధర్మలింగం. ఎదురుగా తిరుత్తణి కోర్టు అమీనా తణికాచలం. గడపలో ధర్మలింగం భార్య సరసమ్మ.

"చేతికి తీసుకోండి పెద్దాయనా. కాగితం కరవదు."

"ఆడ పెట్టు."

"ఆడ పెడితే చెల్లదు. మీ చేతికియ్యాల, మీరు చేవ్రాలు పెట్టాల. ఈ బస్సు పోతే మధ్యాన్నం దాకా నాకు ఇంగోటి లేదు."

"ఇంగ్లీషులో ఉంది. నాకేం తెలుసు? చదివి చెప్పు."

"మీ మేనల్లుడు వరదన్ ఈ వీధిలో పడుగు వేసుకోవచ్చు. మీరు గానీ మీ వీధివాళ్ళు గానీ అడ్డం పోరాదు. కేసు తీరేదాకా. అంతే."

"అంతే?"

"అంతే."

"నలభై ఇండ్లోళ్ళం కూట్టం పెట్టి చేతులెత్తినాం, ఆ ఇంటి పడుగు ఈ వీధిలో పడరాదని. దాన్ని గురించి ఏమీ రాయలా?"

"రాసినాడు మున్సీపు జడ్జి. తీర్మానం చెల్లదని."

"చెల్లదు."

"చెల్లదని. వీధి పంచాయతీదంట. అంటు పేరు చెప్పి ఒకర్ని ఆపేదానికి ఎన్ని చేతులెత్తినా కుదరదంట, రాజ్యాంగంలో ఉందంట."

"ఎవురా మున్సీపు? ఏ వూరు?"

"మదురై దిక్కు. వచ్చి ఆర్నెల్లు కాలా."

"ఆయనకు పడుగంటే తెలుసునా?"

"తెలీదు. మీ మేనల్లుణ్నే అడిగినాడు, ఇంట్లో వేసుకుంటే ఏమని. వరదన్ చెప్పినాడు, వీధి పొడుగునా పోగులు సాగదీయాల, గంజి పూయాల, కుంచెతో దువ్వాల, ఎండకు ఆరాల, ఇంట్లో యాడ పట్టేది అని. వీధి లేకుంటే మగ్గం లేదు, మగ్గం లేకుంటే కూడు లేదన్నాడు. అదంతా రాసుకున్నాడు ఆయన."

"మమ్మల్ని అడిగినాడా?"

"మీ వక్కీలు మాట్లాడినాడు కదా. నలభై ఇండ్లు, ఒక ఇల్లు. నలభై ఇండ్లు, ఒక ఇల్లు. అదే మాట తిప్పి తిప్పి చెప్పినాడు. మున్సీపు ఊరికే విని, ఒక ఇల్లు కాబట్టే నా దగ్గరికొచ్చింది, నలభై ఇండ్లుంటే వాళ్ళకు నేనెందుకయ్యా అన్నాడు."

"నవ్వినాడా?"

"లేదు. నవ్వే మనిషి కాదు."

"ఎమ్మెల్యేకి మేం ఓటేస్తాం. పంచాయతీ ప్రెసిడెంటుకు మేం ఓటేస్తాం. ఈయనకు ఎవురు వేసినారు? పరీక్ష రాసినాడు, కుర్చీ ఎక్కినాడు, ఒక్క గీతలో వీధి మాటను కొట్టేసినాడు. ఇదేమి ప్రజల రాజ్యమప్పా?"

"నన్నడిగితే? నేను కాగితాలు మోసేవాణ్ని."

"మబ్బు చూసినారా?"

"చూస్తాండా సరసా."

"ఆ కొసన వరదడు పడుగు సాగదీసి గంజి కూడా పూసేసినాడు."

"చూస్తాండా అంటిని కదా."

"ముగ్గురే ఉండారు. వాడు, వాళ్ళమ్మ కుప్పమ్మ వదినె, ఆ బిడ్డ. ముగ్గురితో అయ్యే పనా అది?"

"కోర్టు వీధినిచ్చింది కదా. చేతులు కూడా ఇమ్మని అడగమను."

"చేతులిచ్చే ఆర్డరు లేదు పెద్దాయనా."

"మరి?"

"ఆ పచ్చ చీర బిడ్డేనా, దీనికంతా కారణం?"

"అవునన్నా. ఏసు అనే ఆయన కూతురు. ఊరిబయట హరిజన కాలనీలో పుట్టింది, పేరు సలోమి. తిరుత్తణిలో రిజిస్టరు పెండ్లి చేసుకొని తోడుకొచ్చినాడు. ఆమె చెయ్యి పడిన పడుగు పక్కన మా పడుగు మేం వెయ్యం అన్నారు వీధిలో."

"ఆయనకు తెలుసు సరసా. నువ్వు లోపల కూడు చూడు."

"కూడు ఉడుకుతాంది. అన్నా, మా మరిది నటరాజు సంగతి నీకు తెలుసునా?"

"ఇప్పుడు అదెందుకు?"

"ఎమర్జెన్సీలో మిసా చట్టం కింద పట్టుకొనిపోయినారన్నా. ఏమి తప్పు చేసినాడు? పార్టీ జెండా పట్టినాడు. ఏడాది జైల్లోనే. ఈయన మద్రాసుకు తిరిగి తిరిగి కాళ్ళు వాచినాయి. వక్కీలు ఏమన్నాడో చెప్పండి."

"ఊరుకో."

"చెప్పండి, అన్న వింటాడు."

"...ఢిల్లీలో పెద్ద కోర్టే చెప్పేసిందన్నాడు. ఈ కాలంలో ఎందుకు పట్టుకున్నారని అడిగేదానికి లేదని."

"ఆ రోజు ఇదే తిన్నె మీద కూర్చొని మీరేమంటిరి?"

"ఏమో అంటిని."

"సర్కారును నిలబెట్టి అడిగేదానికే కదా జడ్జీలకు కుర్చీ వేసింది, చేతులు ముడుచుకొని కూర్చునేదానికా అంటిరి. మూడు దినాలు అన్నం ముట్టలా. ఇప్పుడు ఒకాయన అడిగితే, నిన్నెవురు అడగమన్నారని ఆయన మీదికి పోతుండారు."

"అది సర్కారు. ఇది వీధి."

"నటరాజుకు అది సర్కారు. వరదడికి ఇది సర్కారు."

"వీధి బాగోగులు నీకేం తెలుసు? నలభై ఇండ్లు కూర్చొని..."

"నలభై ఇండ్లు కాదు, నలభై మగోళ్ళు. నా చెయ్యి ఎవురడిగినారు?"

"అమ్మా, మీరు మా కోర్టుకు వచ్చి ఉంటే ఆ వక్కీలుకు పని తప్పేది."

"నువ్వు నవ్వొద్దు అమీనా. చేవ్రాలు కావాలంటే నోరు మూసుకొని కూర్చో."

"కూర్చున్నా."

"ఇంగో మాట ఉంది."

"వద్దు."

"వరదడు మన దేవకిని చేసుకొని ఉంటే..."

"సరసా."

"చేసుకోలా. చిన్నప్పటినుంచీ మాటనుకున్నాం, చేసుకోలా. నాకూ కడుపు మండింది. ఆ మంట ఇంటిది. దాన్ని వీధిలోకి తీసుకొనిపోయి, మీరే పెద్ద అయ్యి, మీరే తీర్పు చెప్పినారు. ఆ మదురై ఆయనకు ఈ కేసులో కూతురు లేదు."

"నేను వినలా పెద్దాయనా. ఏమీ వినలా. చేవ్రాలు పెడితే పోతాను."

"చినుకు."

"ఏమి?"

"చెయ్యి మీద పడింది."

"నా మీద పడలా."

"పడుతుంది. పచ్చి గంజి మీద వాన పడితే పోగుకు పోగు అతుక్కుంటుంది. ఇంగ దాన్ని మగ్గమెక్కించేది లేదు. చుట్టుకోవాల వాడు, ఇప్పుడే చుట్టుకోవాల. ఏం చూస్తుండాడు ఆకాశం దిక్కు?"

"ముగ్గురు ఎట్ల ఎత్తేది? ఆ కొన ఒకరు, ఈ కొన ఒకరు. నడుమ కుప్పమ్మ వదినె ఒక్కతే. దిగబడి నేలకు తాకుతుంది."

"తప్పుకో అమీనా, దిగాల."

"యాడికి?"

"నడుమ చేతులు చాలవు."

"పెద్దాయనా, వీధంతా వాకిళ్ళలో నిలబడి ఉండారు."

"నీ కాగితం సంచిలో పెట్టుకొని నువ్వూ రా."

"నేను కోర్టు మనిషిని."

"కోర్టు మనిషివైతే ఏమి, రా. చేతులుండాయి కదా."

*

"వరదా, ఆ కొన వదలొద్దు. బిగించు."

"మామా..."

"మాట్లాడొద్దు. చుట్టుకుంటా రా. అక్కా, కట్టెలు పీకు. అమీనా, నువ్వు నా ఎడమ పక్క. చేతులు చాపు, దాని మీద పడుగు పడనియ్యి. నువ్వు ఇట్ల రామ్మా."

"నేనా సామీ?"

"ఇంగెవురు? పోగు మీద వేలు పెట్టొద్దు, కట్టె పట్టుకో. ఆ. అట్ల. ఎత్తు. సామి ఏంది? వాడేమంటాడో అదే అను."

"సరి మామా."

"మీ ఇంట్లోకి వరదా, లోపలికి. తల వంచు అమీనా, దూలం ఉంది."

"తగిలింది."

"చెప్పినా కదా. దించండి. మెల్లగా. తడిసిందా వరదా?"

"ఆ కొన కొంచెం. తక్కినంతా బాగుండాది."

"ఆ కొన నీడలో ఆరేయి. పనికొస్తుంది."

"మామా, నువ్వు..."

"ముందు తల తుడుచుకో. ఏమి సుందరరాజూ, ఎదురు గడపలో నిలబడి ఏమి చూస్తుండావు?"

"నువ్వు పెట్టిన కట్టుబాటు నువ్వే తెంచేది చూస్తుండా అన్నా."

"చూడు."

"ఆ ఇంటితో చెయ్యి కలిపినోడికి కూడా వీధి లేదంటివి. నీ నోటితోనే."

"అంటిని."

"మేమంతా దానికి చెయ్యెత్తినాం."

"ఎత్తినారు."

"సాయంత్రం కూట్టం పెడతాం. నిన్ను మాత్రం వదిలిపెడతామా అన్నా? నువ్వే నేర్పిన పద్ధతి."

"పెట్టండి. లోపలికి పో, తడుస్తావు."

*

"సరసా, అందర్నీ తోడుకొచ్చినా. ఆకులు వెయ్యి, అందరికీ."

"అందరికీ అంటే?"

"తడిసినోళ్ళందరికీ. నీకూ ఒకటి వేసుకో."

"కూర్చో కుప్పమ్మ వదినా. వరదా, కూర్చో. నువ్వు గుమ్మం దగ్గర నిలబడొద్దు సలోమీ, రా. చెంబు ఆడ ఉంది, కడుక్కో. అన్నా, నువ్వు కూడా."

"నా బస్సు పోయింది అమ్మా. కూర్చునేదే."

"కూట్టంలో ఏమంటారో?"

"ఏమనేది ఏముంది? ముప్పైతొమ్మిది చేతులెత్తుతారు."

"ఎల్లుండి వీధిలో మన పడుగు వెయ్యాల."

"తెలుసు."

"దేవకి పెండ్లి చీరలు దాని మీదనే..."

"తెలుసు అంటిని కదా. అమీనా, ఆ కాగితం తియ్యి, చేవ్రాలు పెడతా."

"తడిసిపోయింది పెద్దాయనా."

"తడిస్తే చెల్లదా?"

"చెల్లుతుంది."

"ఇట్లియ్యి... తీసుకో. అమీనా."

"ఊ."

"మీ కోర్టు పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?"

తణికాచలం ఆకు మీద నీళ్ళు చల్లుకుని ధర్మలింగం వైపు ఒకసారి చూశాడు. సరసమ్మ అందరికీ వడ్డించి, తన ఆకు సలోమి పక్కన వేసుకుంది. బయట వాన పడుతుండగా ఆరుగురూ తిన్నారు.