జయరాముడు చెప్పిన మాట, నేను రాసిన మాట

దీర్ఘం ఒగటి తప్పిపోతే డాక్టరు లైసెన్సు పీకేస్తారా అప్పా? నువ్వూ డాక్టరువే గదా. కౌన్సిలోళ్లు ఎంక్వయిరీకి పంపితే హైదరాబాదు నుంచి వస్తివి. కూచో. ముందు ఈ నారాయణ డాక్టరు ఎవరో తెలుసుకో.

బెళుగుప్ప చుట్టూ కొడవళ్లు తిరిగిన కాలంలో నేనేసిన కుట్లు వరసగా పరిస్తే ఉరవకొండ దాటి బళ్లారి తగులుతాయి. ఒగడు పేగులు తువ్వాలలో మూటగట్టుకోని నడుచుకుంటా వచ్చినాడు. లోపలికి తోసి కుట్టినా. సాయంత్రానికి సంగటి తిని పోయినాడు. నవ్వుతావేమి? పిలిపిస్తా, పొట్ట చూద్దువు.

సరే, జయరాముని సంగతే చెప్తా. తొంభై ఎనిమిది, శెనక్కాయ పెరికే కాలం, పట్టపగలు. నలుగురు మంచం మీద మోసుకొచ్చినారు. కుడి చెయ్యి తోలుతో వేలాడతాండాది. గొంతులో కొడవలి దిగిన గాయం, నా వేలు మొత్తం పట్టింది. నులక సందుల్లోంచి రక్తం ధారగట్టింది. మేజిస్ట్రేటు వచ్చేదాకా ఆగడని నేనే మరణ వాంగ్మూలం రాసినా.

‘అన్న నరికినాడు.’ అంతే రాసింది.

పోలీసులు వాని సొంత అన్న గోవిందప్పను పట్టుకపోయినారు. యావజ్జీవం పడె. ఏడేండ్లాయె. ఇప్పుడు గోవిందప్ప పెండ్లాం సుంకమ్మ నా మీద అర్జీ పెట్టింది. ఆ పొద్దు గడప కాడ నిలబడి విన్నాదంట. మా మరిది ‘అన్నా, నరికినాడు’ అని డాక్టరును పిలిచినాడు, మా ఆయప్ప పేరెత్తలేదు అంటాది. ఈ సీమలో ఎవరిని అన్నా అనరప్పా? కండక్టరూ అన్నే, పోలీసూ అన్నే. దీర్ఘం పడలా. దానికింత పంచాయతీనా?

ఏమంటివి? సచ్చేటోడు ఎవరు నరికినారో చెప్పకుండా ఉత్త ‘నరికినాడు’ అంటాడా అనా?

ఆ తలుపు దగ్గరికెయ్యి.

చెప్పినాడు. తెగిన గొంతు, గడప దాకా సగమే వినపడింటుంది. నేను నోటి కాడ చెవి పెట్టినా. ‘అన్నా, పాపన్న నరికినాడు.’ మూడుసార్లు చెప్పినాడు.

మంచం మోసుకొచ్చిన నలుగురిలో పాపన్న ఒగడు. నా వెనకాలే నిలబడి, భుజం మీద చెయ్యేసినాడు. ఆ చెయ్యి ఇంకా తడిగానే ఉండాది. ‘బాగ రాయి డాక్టరన్నా’ అనె.

తప్పింది దీర్ఘం కాదప్పా. రెండక్షరాలు, ‘పాప’ అనేటివి. భయమైంది. ఆ మాటే రాసుకో. లైసెన్సు తీసుకపో.

పాపన్నా? బాగుండాడు. నిన్న పొద్దున బీపీ చూపించుకోను వచ్చినాడు. చూసినా. మందు చీటీ మీద పేరు పూర్తిగా రాసిచ్చినా.