దొరగారి కారు హీటరు

తల్లీబిడ్డా కాకినాడ ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి చేరారు. గండం గడిచిందన్న సంతోషంలో ఆనందరావు సత్తిబాబు బడ్డీలో అందరికీ టీ పోయించాడు. తన కూతురు దీనమ్మని నొప్పులతో కాకినాడ తీసుకెళ్లిన డ్రైవరు లూయిస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లూయిస్‌కి ఆ మాత్రం చాలు, మొదలెట్టాడు.

"యుద్ధానికి ముందు మన ఊరేలే ఫ్రెంచి దొరగారు ఫ్రాన్సు నుంచి తెప్పించిన కారండీ అది. అద్దం ముందు చిన్న మూతుంటది. లివరు లాగితే గాలి తిన్నగా లోపలికొచ్చేస్తది. దీనమ్మకి ఉక్కపోస్తోందని ఓ వేలెడు ఎత్తాను, పిల్ల తెరిపిన పడింది. ఇంకో వేలెడు ఎత్తాను. అటునుంచి ఇటు దూరి, ఇటునుంచి అటు పోయిన గాలికి తాళ్లరేవులో పోలీసాయన టోపీ ఎగిరిపోయిందండీ. మేం కోరంగి చేరేసరికి అది మాకంటే ముందే అక్కడుంది."

"మూత వేసేశావా మరి?" అన్నాడు సత్తిబాబు.

"వేయనా? వాన దంచేస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కార్లోనే కాన్పైపోయింది. బిడ్డ ఒళ్లు చల్లగా ఉంది, ఏడుపు లేదు. అప్పుడు తిప్పానండీ హీటరు. ఇంజన్లో కాగిన నీళ్లు గొట్టంలోంచి కాళ్ల దగ్గర పెట్టెలోకొస్తాయి, అందులోంచి వేడిగాలి. పిల్లోడు కేరుమన్నాడు. కిటికీ కాస్త దించేసరికి రోడ్డు పక్కన గంపల్లో పచ్చిచేపలు ఎండుచేపలైపోయాయి. ఇంకాస్త తిప్పాను, మబ్బు విచ్చుకుని కాకినాడంతా ఎండ కాసింది. డాక్టరుగారు బయటికొచ్చి, వార్డులో రోగులకి చెమటలు పడుతున్నాయి, తగ్గించవయ్యా అని బతిమాలుకున్నారు."

ఆనందరావు భార్య మార్తమ్మ మడతపెట్టిన గుడ్డ ఒకటి పట్టుకుని అప్పుడే వచ్చి నిలబడింది. ఆ రోజు కార్లో ఆవిడా ఉంది.

"ఏ హీటరు లూయిసూ? గొట్టాలు పీకేసి ఆ పెట్టెనిండా బ్రాందీ సీసాలు పేర్చావు. ఫ్రెంచి సరిహద్దు దాటితే మందు నిషేధం కదా, ఆంధ్రా పోలీసులు చూస్తారని నా కాళ్లు అడ్డం పెట్టమన్నావు."

బడ్డీ అంతా నవ్వింది. మార్తమ్మ ఇంకా ఆపలేదు.

"ఆ గాలిమూతా పట్టేసింది, మూసుకోలేదు. నువ్వు చొక్కా విప్పి బిడ్డకి చుట్టమని ఇచ్చేశావు. ఆ వానంతా నీ ఒంటిమీదే కొడుతుంటే, ప్రభువా ప్రభువా అని ఏడుస్తూ కాకినాడ దాకా నడిపావు. అది చెప్పవేం?"

ఆ సంగతి ఆనందరావుకి ఇప్పుడే తెలిసింది. లూయిస్ చెయ్యి పట్టుకున్నాడు. మార్తమ్మ ఉతికి తెచ్చిన చొక్కా అతని ఒళ్లో పెట్టింది.

లూయిస్ మెల్లగా చెయ్యి విడిపించుకుని, చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు.

"చూడండి, ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాడు. "హీటరు తగిలిన గుడ్డ కదండీ."