ఇద్దరు పట్టే కారు

ఖమ్మంలో పాత కార్లు అమ్మే షెడ్డు. మణుగూరు బొగ్గుగనిలో పనిచేసే చందర్ ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు తలుపు తెరిచి భార్య అరుణశ్రీని పిలిచాడు.

"కూసోని చూడు అరుణా. సెకండ్ హ్యాండ్ అంటే ఎవరన్న నమ్ముతరా?"

"మంచిగనే ఉంది. కానీ మన తొవ్వల గుంతలకు దీని అడుగు తాకదా? షోరూంల చూసిన చిన్న కారు కొత్తది గదా."

"గది అందరికీ ఉంది. గిసొంటిది మన కాలనీల ఒక్కరికి లేదు. చిన్నప్పటిసంది నాకిదే ఆశ."

"నాకు తెల్వదా? కానీ దీంట్ల ఇద్దరికే జాగ ఉంది."

"ఇంట్ల ఉన్నది మనమిద్దరమే గదా."

"చండ్రుగొండల మా అక్క బిడ్డ ఉంది గదా. అక్క పోయినంక మా అమ్మే సాదుతుంది. అమ్మకిప్పుడు కండ్లు కనబడుతలెవ్వు. పిల్లనే వండి, అమ్మకు పెట్టి బడికి పోతుందట."

"ఇద్దరినీ మన దగ్గరికి తెద్దామంటవా?"

"అమ్మ మామయ్య దగ్గరికి పోతనంది. పిల్లనే... నువ్వొప్పుకుంటే."

"ఎన్ని రోజులకు?"

"ఎప్పటికీ."

చందర్ ఆ కారు తలుపు మెల్లగా మూశాడు.

"గీ మాట ఇంట్లనే అడగకపోయినవా?"

"కాదంటవేమోనని భయపడ్డ."

"పిచ్చిదానా! పా, షోరూం బంద్ గాకముందే పోదాం. పిల్లకు ఏ రంగు ఇష్టమో ఫోన్ చేసి అడుగు."