చేతుల మీది చుక్కలు

చేతులనెవరు గమనిస్తారు, ఫోన్‌లో పాట చూసేవాళ్ళు మొహమే చూస్తారు, అయినా ఈమెకు ముందుగా చూపించకుండా ఉండాల్సింది... అనుకుంటూ ఆ వీడియో తయారుచేసిన అతను కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. సరిహద్దు ఊరు కొంటాలోని ఆ ఒంటిగది స్టూడియోలో, పాట పాడిన పెద్దావిడ కంప్యూటర్ మీదికి వంగి చూస్తోంది.

“ఈ చేతులు ఎవరియి అల్లుడా?”

“నీవే అత్తా.”

“మరి నా పచ్చబొట్లేవి?”

“నీ ఎనక కట్టిన పచ్చగుడ్డను కంప్యూటర్ తీసేసి, ఆడ సముద్రం పెడతది. నీ బొట్లను గూడ గుడ్డే అనుకున్నది. చేతులకు బొక్కలు పడ్డట్టు అలలు కనబడ్డయి. అందుకే చర్మం రంగేసి పూడ్చిన.”

“ఇప్పపువ్వు ఏరే పాటకు సముద్రమేంది?”

“అందంగుంటదని. సాయంత్రం చానల్‌ల పెడితే వేలమంది చూస్తరు.”

“నన్నా చూసేది? మా ఊరోళ్ళే ఆనవాలు పట్టరు.”

“రెండు రోజులు కూసొని చేసిన అత్తా.”

“ఏడేండ్లప్పుడు నన్ను ముగ్గురు పట్టుకుంటే ఈ బొట్లు పొడిచిన్రు. సచ్చినంక సొమ్ములన్నీ వలుచుకుంటరు, ఇవొక్కటే ఎంట వస్తయన్నది మా అమ్మ. వాటిని నువ్వు కూసున్నకాడనే తుడిచినవ్.”

అతను మౌస్ మీద చెయ్యి వేసి తీశాడు. మళ్ళీ వేశాడు.

“ఇంకోసారి పాడతవా?”

“సముద్రం లేకుండనా?”

అతను లేచి, గోడకు కట్టిన పచ్చగుడ్డ క్లిప్పులను ఒక్కొక్కటే ఊడదీశాడు.