సారుకు అందే బంతి

మిర్యాలగూడ. ఒక స్కూలు వెనక టెన్నిస్ కోర్టు. ఆదివారం పొద్దున. ఆటల టీచరు ప్రమీల, ఆమె తమ్ముడు కృపాకర్.

“మళ్ల నెట్లకే.”

“సూసిన అక్కా.”

“సూస్తే ఏం ఫాయిద? బుట్టెడు బంతులు కొడితివి. ఒక్కటన్న పక్కకు తిరిగిందా? స్లైస్ సర్వీస్ అంటే బంతి కింద పడంగనే పక్కకు జారిపోవాలె రా. నీదేమో పడ్డకాడనే కూసుంటది.”

“భుజం పట్టేసిందేమో...”

“భుజం గాదు, పొట్ట. సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్ అన్నం బాగనే ఒంటబడ్తున్నట్టుంది.”

“పొద్దుపొద్దుగాల మేళ్లచెరువు నుంచి బండి మీద వస్తే గివేనా మాటలు?”

“మరి దండలేసి తోల్కరావాల్నా? యూనివర్సిటీ టీంల ఉన్నప్పుడు నీ స్లైస్‌కు ఎదురుంగ నిలబడనీకె భయపడేటోళ్లు. నేర్పింది నేను. ఇప్పుడు సూస్తే నాకే సిగ్గయితుంది. ఏదీ, పట్టు సూపియ్. గొడ్డలి పట్టుకున్నట్టు పట్టమన్న గదా! గిదేంది, అట్లకాడ పట్టుకున్నట్టు?”

“ఇగో, సరిజేసిన.”

“బంతి ఎగరెయ్. కొట్టకు, ఊకె ఎగరెయ్.”

“ఇగో.”

“మళ్ల.”

“ఇగో.”

“నెత్తి మీదికి ఎందుకు ఎగరేస్తున్నవ్? కుడి పక్కకు, జర ముందలికి. అప్పుడే బంతిని పక్క నుంచి కొయ్యొస్తది. ఇంకోటి. ఎగరేసే ముందట అవతలికి సూస్తున్నవ్. గాడ ఎవడున్నడు?”

“ఎవరు లేరు.”

“మరి తలకాయ ఎవనికి ఊపుతున్నవ్?”

“ఊపలే.”

“ఊపినవ్. నోట్ల ఏదో గొణిగినవ్ గూడ. ఏమంటున్నవ్?”

“ఏమంటలేను.”

“కృపా.”

“...రెడీనా సార్, అంటున్న.”

“ఏందీ?”

“అలవాటక్కా. రోజు కాలనీ కోర్టుల జీఎం సారుతోని ఆడ్త గదా. పెద్దమనిషి, మోకాలు నొస్తది. రెడీ గాకముందే కొడితే బాగుండదని...”

“అడిగి కొడ్తవ్.”

“అవ్.”

“యాడికి కొడ్తవ్?”

“యాడికంటే... ఆయన నిలబడ్డ కాడికి.”

“నిలబడ్డ కాడికి! సర్వీస్ అంటే ఎదుటోనికి అందకుంట కొట్టేది రా. నువ్వేమో టీ కప్పు అందించినట్టు అందిస్తున్నవ్.”

“స్లైస్ కొడితే ఆయన గంత దూరం ఉరకలేడు...”

“ఆగు. ఆయన మీద ఎన్ని మ్యాచ్‌లు గెలిసినవ్?”

“ఎండ ఎక్కుతుంది అక్కా, ఇంకో బుట్ట కొడ్దామా?”

“ఎన్ని గెలిసినవ్ రా?”

“గెలవలే.”

“ఒక్కటి?”

“ఒక్కటి గూడ గెలవలే.”

“ఛీ.”

“అట్లనకు అక్కా.”

“ఛీ అనక ఏమనాలె? కావాల్నని ఓడినవ్. ఏండ్లకు ఏండ్లు. దానికి ఏమిచ్చిండు?”

“నైట్ డ్యూటీలు తీసేసి జనరల్ షిఫ్టుల ఏసిండు. ఉండనీకె కాలనీల క్వార్టర్ ఇచ్చిండు...”

“నీ ఒక్కనికేనా?”

“...శానమందికి.”

“ఓడిపొమ్మని ఆయన చెప్పిండా?”

“చెప్తరా? మనమే అర్థం చేస్కోవాలె.”

“అర్థం చేసుకున్న మొఖం సూడు! ఆయన గూడ ఏం మనిషి? కింది ఉద్యోగుల మీద గెలిసి మీసం తిప్పుకునేటోడు. దొందూ దొందే. పో, ఇంటికి పో.”

“రిటైరయితుండు అక్కా. రేపు ఆఖరి ఆట. కాలనీ అంత సూడనీకె వస్తది. క్యాంటీన్ల నన్ను జూసి నవ్వుతరు వాళ్లు. నాకు ఆట వచ్చని ఒక్కసారన్న వాళ్లకు తెల్వాలె.”

“తెలిసి ఏం జేస్కుంటరు?”

“ఇన్నొద్దులు కావాల్నని ఓడుతున్న అనుకున్న. మొన్న ఒక్కన్నే గోడకు కొట్టి సూసిన. స్లైస్ వస్తలేదు. నిజంగనే పోయింది అక్కా. రేపు ఓడితే కావాల్నని ఓడినట్టు గాదు. చేతగాక ఓడినట్టు.”

“...ముక్కు తుడుసుకో. గీత కాడికి పో. నేను అవతల నిలబడ్త. నా దిక్కు సూడొద్దు, బంతి దిక్కు సూడు.”

“ఇట్లనా?”

“ఇంక కుడికి. బంతి కుడి చెంప ఒరుసుకపోవాలె రాకెట్.”

“అబ్బా!”

“నెట్ల పడ్డది. మళ్ల.”

“రెడీనా అ...”

“నోరు ముయ్యి!”

“సారీ.”

“మళ్ల. ...అరె.”

“తిరిగిందా?”

“తిరిగింది. మళ్ల కొట్టు.”

“గిది?”

“గిది గూడ.”

“అక్కా, నీకు అందలే! రాకెట్ అంచుకు గూడ తగలలే!”

“ఎగరకు. ఒక్కటి పడితే లక్కు, వరుసగ పడితేనే సర్వీస్. కొట్టు. ...ఊఁ. ...ఊఁ. సాలు తియ్, పడుతున్నయ్. రేపు గా ముసలాయన్ని కంచె దాక ఉరికియ్యి. స్కోరు నాకు ఫోన్ చేసి చెప్పు.”

“ఫోన్ మోగుతుంది. ఆయనే! నువ్వు మాట్లాడకు, స్పీకర్ల పెడ్త. ...గుడ్ మార్నింగ్ సార్.”

“కృపాకర్, చర్చిలో ఉన్నావా? ఇబ్బంది పెట్టానా?”

“లేదు సార్, చెప్పుండ్రి.”

“రేపటి మాట గుర్తుంది కదా? మోకాలికి డాక్టరు ఆడొద్దన్నాడు. అయినా ఆడతాను. మా ఆవిడ కూడా చూడ్డానికొస్తోంది. నీ ఆట గురించి ఎన్నిసార్లు చెప్పానో ఆవిడకి.”

“నా ఆట గురించా సార్?”

“మరి? నేనొచ్చిన కొత్తలో ఎవరితో ఆడినా కావాలని ఓడిపోయేవాళ్ళయ్యా. నాకు తెలీదనుకునేవాళ్ళు. ఎంత అవమానంగా ఉండేదో. అందుకే వాళ్ళందరితో ఆడటం మానేశాను. నువ్వొక్కడివే నిజంగా ఆడావు.”

“సార్...”

“యూనివర్సిటీ ప్లేయర్ మీద గెలిచానని మా ఊళ్ళో అందరికీ చెప్పుకుంటాను. రేపు రిటైరవుతున్నానని జాలిపడి ఆట మార్చావో, ఊరుకోను. ఎప్పుడూ ఆడినట్టే ఆడాలి. ఏం?”

“...అట్లనే సార్.”

“ఉంటా మరి.”

“...పెట్టేసిండు అక్కా.”

“విన్న.”





“తిట్టన్న తిట్టు. రేపు ఏం జెయ్యాలె నేను?”

“నువ్వు ఆటగానివని నమ్మిన మనిషి ఆయనొక్కడే రా. రేపు గెలిస్తే ఇన్నేండ్లు నాటకమాడినవని ఆయనకు తెలిసిపోతది. బంతులు ఏరుకరా. ఆయనకు అనుమానం రాకుంట ఎట్ల ఓడాలెనో నేర్పిస్త.”