తడిబట్టల ప్రమాణం

బషీరాబాద్ మండలంలో, కర్ణాటక సరిహద్దున ఒక ఊరు. సర్పంచ్ ఇంద్రమ్మ ఇంటి పెరడు. పొద్దున. ఆమె, ఆమె భర్త హనుమంతు, వాళ్ల మనిషి జంగప్ప.

"తాండూర్ల ఏమనుకుంటుండ్రు, ముందు గది చెప్పు జంగప్పా."

"ఏమనుకుంటరు సర్పంచ్ సాబ్. బస్టాండ్ కాడ సగం మంది రాజీనామా ఇయ్యాలె అంటుండ్రు, సగం మంది ఎందుకియ్యాలె అంటుండ్రు. ఇయ్యాలె అన్నోళ్లు మన చాయ్ తాగి అంటుండ్రు. ఇయ్యొద్దు అన్నోళ్లు మన ఎదురుపార్టీ నర్సప్ప చాయ్ తాగి అంటుండ్రు. ఎవరు ఎవరి దిక్కో సమజైతలేదు."

"టీవీల?"

"రాత్రంత మన ఊరే. నలుగుర్ని కూసోబెట్టి అడిగిండ్రు. ఒకాయన నైతిక బాధ్యత అన్నడు. ఇంకొకాయన, వాన పడ్డది గోడ పడ్డది, దానికి సర్పంచ్ ఏం జేస్తడు అన్నడు. కింద నంబర్ ఏసిండ్రు. దిగిపోవాలెనంటే ఒకటి నొక్కాలె, ఉండాలెనంటే రెండు."

"నువ్వేం నొక్కినవ్?"

"రెండు. మా ఇంటామె ఒకటి నొక్కింది."

"ఎందుకట?"

"అడిగిన. అన్నం పెట్టలే."

"సరే, వికారాబాద్ల?"

"కలెక్టర్ ఆఫీస్ ముంగట నర్సప్ప టెంట్ ఏసిండు గద, అట్లనే ఉన్నది. గోడ కింద పోయిన పిల్ల రెబెక్క ఫొటో పెద్దగ గొట్టించి కట్టిండు. పక్కకు ఆయన ఫొటో. ఆయనదే జర పెద్దగున్నది."

"యాకోబు ఉన్నడా టెంట్ల?"

"మొదటి దినం కూసున్నడు. మర్నాటికి లేచి వచ్చిండు. కందిచేన్ల కలుపున్నదట."

"బిడ్డను మట్టి జేసి కలుపుకు పోయిండా జంగప్పా?"

"అవు వదినా. ఇంట్ల కూసోలేకపోతుండంట. చేన్ల గూడ ఏం తీస్తలేడు, గట్టు మీద నిలబడి ఉంటుండు. నేనే జూసిన."

"నువ్వు జర ఆగు ఇంద్రమ్మా. జంగప్పా, గుడి కాడ సంగతి చెప్పు. జమైండ్రా?"

"జమైనట్లే. బసవన్న గుడి ముంగట కాలు పెట్టనీకి జాగ లేదు. అవతల కర్ణాటకల గడిలింగదల్లి దిక్కు నుంచి సుత వచ్చిండ్రు, 'ఏన్ మాడ్తారో నోడోణ', ఏం జేస్తరో చూద్దాం, అనుకుంట. టీవీ బండ్లు రెండొచ్చినయ్. నర్సప్ప మైకు పట్టుకొని ఒక్కటే పాట. బడి గోడ పగిలిందని సర్పంచ్‌కు ముందే ఎరుక, ఎరుకుండి ఊకున్నరు, పళ్లెం కడుగనీకి కూసున్న పిల్ల మీద గోడ పడ్డది, గిది పడుడు గాదు సంపుడు అని. ఎరుక లేకుంటే తడిబట్టల్తోని వచ్చి బసవన్న ముంగట చెప్పమను, నేనే టెంట్ తీసేస్త అంటుండు."

"తీసేస్త అన్నడా? మైకుల?"

"మైకులనే అన్నడు."

"ఇంకేం గావాలె. పో, వస్తున్నమని చెప్పు. నేను అంగీ ఏసుకొని వస్త."

"అంటే సాబ్... గా టీవీ పిల్ల సర్పంచ్ ఏడ అని అడిగింది. వస్తుండు అన్న. వస్తుండు గాదు, వస్తున్నది గద అన్నది."

"అయితే?"

"అయితే ఏం లేదు. వదిన్ని అడుగుతుంది. ఎన్నడు ఎవరు అడగలే గద, నాకు జర సేపు సమజ్ గాలే."

"తెలుసు లేవయ్యా. వదినే చేస్తది ప్రమాణం. నువ్వు నడువు."

"జల్దీ రండ్రి. నర్సప్ప మైకు పడితె ఇడిసేటోడు గాదు."

"పోయిండా?"

"పోయిండు. లే, బోరు పెట్టిన, బకెట్లు నిండినయ్. గా ముదురు రంగు చీర కట్టుకో. తెల్లది గిట్ల కట్టేవు, టీవీల వొంటికి అతుక్కుంటది."

"ఊరంత ముంగట తడిసి నిలబడాల్నా నేను?"

"ఐదు నిమిషాల పని. నీళ్లు పోసుకుంటవ్, నడుస్తవ్, దేవుని మీద చెయ్యి పెడ్తవ్. 'గోడ పగిలిందని నాకు తెల్వది' అంటవ్. అయిపాయె. తర్వాత రాజీనామా ముచ్చట ఎవడన్న ఎత్తుతడా? పైనుంచి గూడ గదే చెప్పిండ్రు. ప్రమాణం జేస్తే పంచాది బంద్."

"చెయ్యకుంటే?"

"చెయ్యకుంటే దిగాలె. దిగినంక కేసు. కేసైనంక... ఎందుకిప్పుడు గవన్ని."

"నువ్వు చెయ్యరాదా?"

"నేనా? నేను సర్పంచ్‌ను గాను గద."

"ఇయ్యాలనే ఎరుకైందా నీకు?"

"ఎటకారమాడకు పద్మ... ఇంద్రమ్మా."

"పద్మ ఎవరు?"

"టెంట్ కాడి సంగతులు చెప్పే మన మహిళా మండలామె. పొద్దటి సంది ఫోన్లు చేస్తుంది, పేరు నోట్ల పడ్డది. నా బుర్ర పని చేస్తలేదే, ఎందుకు సతాయిస్తవ్. నేను చేస్తే ఏమంటరు? సర్పంచ్ ఎందుకు రాలే అంటరు. నీ నోటెంటనే రావాలె."

"పంచాయతీల నా కుర్చీ మీద కూసునేది నువ్వు. మీటింగ్‌ల మాట్లాడేది నువ్వు. జెండా తాడు గుంజనీకి, తడిసి నిలబడనీకి నేను."

"గిదంత తర్వాత మాట్లాడుకుందాం. తప్పేమన్న చెయ్యమన్ననా? అబద్ధం చెప్పమన్ననా? నీకు తెల్వదు, తెల్వదని చెప్తవ్. నిజం చెప్పనీకి భయమెందుకు?"

"నాకు తెల్వదని నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెలుసేంది. ఇంట్ల నేను ఆ ముచ్చటే తియ్యలే గద."

"ఏ ముచ్చట?"

"ఏ ముచ్చటేంది."

"తియ్యని ముచ్చట ఏందని అడుగుతున్న."

"టైమైతుంది. లే."

"నువ్వు చెప్పు, నేను లేస్త."

"చెప్తే ప్రమాణం చెయ్యరాదు నువ్వు. గది సమజైతలేదా? నీకోసమే చెప్పలేదే. ఎన్నడన్న ఏమన్న వస్తే నువ్వు సాఫ్‌గ ఉండాలెనని చెప్పలే."

"అంటె ఏదో ఉన్నది."

"ఏం లేదు."

"గోడకు మన ట్రాక్టర్ తాకిందంటుండ్రు."

"ఎవరంటుండ్రు?"

"ఆడోళ్లు. నల్లల కాడ."

"ఆడోళ్లకేం పని. తాకింది అంటే గంత గట్టిగేం తాకలే. మన డ్రైవర్ బీరన్న ఇటుకలు దించి వెనుకకు తీసిండు, ట్రాలీ జర వొరుసుకున్నది."

"వొరుసుకుంటె పగులుతదా?"

"పాత గోడ. దగ్గితె పగులుతది."

"పగిలిందని నీకప్పుడే చెప్పిండా బీరన్న?"

"చెప్పిండు."

"జెండా పండుగకు ముందా?"

"ముందే. అందుకే సిమెంట్ పెట్టి పూయించిన. ఊకెనే ఇడిసిపెట్టలే నేను. సున్నం గూడ ఏయించిన."

"గా ఒక్క గోడకే ఏయించినవ్. నేను జెండా ఎక్కిచ్చుకుంట చూసిన. మూడు గోడలు నల్లగ, అదొక్కటి తెల్లగ. ఎందుకట్ల అంటె సున్నం అయిపోయింది అన్నవ్."

"అయిపోయింది మరి."

"బడి పెద్దసారుకు ఎరుకనా?"

"ఆయనే మొదలు ఫోన్ చేసిండు. పిల్లలు కూసునే జాగ, కూలగొట్టి కొత్తది కడుదాం అన్నడు. చూద్దాం సారు అన్న. చూద్దాం అంటె చెయ్య అని గాదు. మక్కలు దీసినంక చూద్దామనుకున్న. ఇంతల గా వాన పట్టింది. ఎవరనుకున్నరు?"

"సారు ఇప్పుడెందుకు చెప్తలేడు?"

"ఆయన నౌకరి ఆయనకున్నది. ఎందుకు చెప్తడు? బీరన్న మనోడు. ఎవరు చెప్పరు. నువ్వు పరేషాన్ గాకు."

"ఇంకెవరన్న చెప్పిండ్రా నీకు?"

"ఎవరు చెప్తరు. లే ఇగ, మల్ల ఫోన్ వస్తుంది."

"మోగనియ్యి. బీరన్న, పెద్దసారు. ఇంకెవరు?"

"చెప్పిన గద, ఎవరు లేరని."

"బసవన్న ముంగట నన్ను నిలబెడ్తున్నవ్. నీ చెయ్యి గూడ నా నెత్తి మీద పెట్టి చెప్పు, ఇంకెవరు రాలేదని."

"గిదేంది, నాకు ప్రమాణం పెడ్తున్నవా?"

"నాకు పెట్టొచ్చు, నీకు పెట్టొద్దా?"

"ఇగో పెట్టిన. ఇంకెవరు..."

"చెయ్యెందుకు తీసినవ్?"

"ఒక పోరి వచ్చింది. చిన్న పోరి. చిన్నపిల్లలు వంద చెప్తరు, లెక్కనా అది?"

"ఏ పోరి?"

"ఎవరో."

"ఏ పోరి అయ్యా?"

"యాకోబు బిడ్డనే. తెలిసి అడుగుతున్నట్లు అడుగుతవేంది."

"ఏడికొచ్చింది?"

"ట్రాక్టర్ షెడ్ కాడికి. జెండా పండుగైనంక. చేతుల పళ్లెం పట్టుకొని నిలబడ్డది. గోడ కదుల్తుంది సాబ్ అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఏం గాదు, సిమెంట్ పెట్టినం, మంచిగైంది, పో అన్న. నవ్వుకుంట పోయింది. ఎందుకట్ల చూస్తున్నవ్? నేనేమన్న తిట్టి తోలిననా?"

"దాని తల్లి భాగమ్మ చెప్పింది. మట్టి జేసి వచ్చినంక ఆమె కాడ కూసుంటె చెప్పింది. పిల్ల బడి నల్ల కాడ కూసునుడు బంద్ చేసిందంట. పళ్లెం ఇంటికి తెచ్చి కడుక్కునేదంట. ఎందుకే అంటె గోడ భయమైతుంది అనేదంట. తర్వాత ఒకనాడు వచ్చి, ఏం గాదంటమ్మ, మంచిగైందంట అన్నదంట. మల్ల నల్ల కాడనే కూసునుడు షురూ చేసిందంట."

"ఎవరన్నరని చెప్పిందా పిల్ల?"

"ఎవరన్నరమ్మా ఏం గాదని, ఎవరన్నరు, అని నన్నే అడుగుతుంది భాగమ్మ. నా చెయ్యి పట్టుకొని అడుగుతుంది."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట."

"చెప్పలే గద?"

"ఏం చెప్పాలె, అప్పటికి నువ్వు నాకు చెప్పలే గద."

"మంచిగైంది. ఇగో ఇను. ఎందుకేడుస్తున్నవ్, ఏడ్వకు, కండ్లు ఉబ్బితె టీవీల తెలుస్తది. ఇప్పుడు నేను చెప్పింది ఇప్పుడు తెలిసింది నీకు. అవునా? గోడ పడ్డనాటికి తెల్వదు. 'గోడ పడే దాంక నాకు ఎవరు చెప్పలే' అను. గట్లనే అను, ఒక్క మాట అటు ఇటు పోనియ్యకు. అండ్ల అబద్ధమేమన్న ఉన్నదా? బసవన్న గూడ తప్పు పట్టడు."

"యాకోబు గుడి కాడికొచ్చిండా?"

"వచ్చిండంటుండ్రు. బయట వేపచెట్టు కింద నిలబడ్డడంట. ఆయనకేం ఎరుక మన దేవుడు, ఆయన చర్చికి పోయేటోడు. కానీ నువ్వు ప్రమాణం జేస్తే నమ్ముత అన్నడంట. సర్పంచమ్మ అబద్ధమాడది, ఆమె చెప్తే నేను కేసు పెట్టనే పెట్ట అన్నడంట. చూసినవా, నీ మీద ఎంత భరోసనో."

"గట్లన్నడా?"

"జంగప్పతోనే అన్నడు. గందుకే అంటున్న. నా మాట ఎవడు నమ్మడు, నీ మాట అందరు నమ్ముతరు. లే తల్లీ, నీ కాళ్లు మొక్కుత. నీళ్లు నేను పోస్త."

"గా పిల్ల నీ కాడికే ఎందుకొచ్చింది?"

"ఎందుకేంది. ఊర్ల ఏం పనున్న నా కాడికే వస్తరు గద."

"పెద్దోళ్లు వస్తరు. అది ఐదో తరగతి పిల్ల. మన ఊరి సర్పంచ్ ఎవరంటె ఇంద్రమ్మ అని బళ్ల నేర్పిండ్రు దానికి. వాళ్లేం నేర్పితె గదే నిజమనుకునే వయసు."

"అయితే?"

"అయితే ముందు నా కాడికే వచ్చిందయ్యా. పొయ్యి ముంగటున్న, రొట్టె మాడుతుందని తలకాయ గూడ లేపలే. 'సర్పంచమ్మా, నల్ల కాడ గోడ కదుల్తుంది' అన్నది. గవన్ని నాకేం ఎరుక బిడ్డా, పోయి సర్పంచ్ సాబ్‌కు చెప్పు అని నీ కాడికి తోలింది నేనే."